ప్రత్యేక మోటార్లకు ఇన్వర్టర్ కలిపే ముందు

వేగం మార్చే ఇన్వర్టర్‌ను, అంటే వీఎఫ్‌డీని, మామూలు త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారుకు కలిపితే పెద్ద టెన్షన్ ఉండదు. మోటారు రకం మారితేనే చిక్కు. చాలామంది హెచ్‌పీ చూసి ఇన్వర్టర్ కొనేస్తారు. చూడాల్సింది నేమ్‌ప్లేట్ మీద యాంప్స్.

సబ్‌మెర్సిబుల్ మోటారునే తీసుకోండి. అదే హెచ్‌పీ ఉన్న మామూలు మోటారు కన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది, కాబట్టి ఒక సైజు పెద్ద ఇన్వర్టర్ అవసరం కావచ్చు. కేబుల్ పొడవుతో ఇంకో తంటా. ఇన్వర్టర్ నుంచి వచ్చేది నున్నటి సైన్ వేవ్ కాదు, చకచకా ఆన్, ఆఫ్ అయ్యే పల్సులు. పొడవాటి కేబుల్ చివర అవి వెనక్కి తన్ని, మోటారు దగ్గర వోల్టేజ్‌ను డీసీ బస్‌కు (ఇన్వర్టర్ లోపల ఏసీని డీసీగా మార్చి నిలిపే భాగం) దాదాపు రెట్టింపు చేస్తాయి. 400 వోల్టుల సప్లైలో డీసీ బస్ సుమారు 565 వోల్టులు. అంటే వైండింగ్‌కు తగిలేవి వెయ్యి దాటిన దెబ్బలు! తయారీదారు చెప్పిన పొడవు మించితే ఈ దెబ్బల్ని తగ్గించే ఔట్‌పుట్ ఫిల్టర్ పెట్టాల్సిందే. వేగం మరీ తగ్గించినా, షాఫ్ట్ మీద నిలువునా పడే ఒత్తిడిని మోసే థ్రస్ట్ బేరింగ్‌లో నీటి పొర నిలవదు. మామూలుగా 30 హెర్ట్జ్ కంటే కిందికి దించరు.

బ్రేక్ మోటారులో (కరెంటు ఇస్తే విడిచి, ఆపితే పట్టే బ్రేక్ ఉన్నది) బ్రేక్ కాయిల్‌కు ఇన్వర్టర్ ఔట్‌పుట్ నుంచి కరెంటు ఇవ్వొద్దు. ఫ్రీక్వెన్సీ తగ్గితే వోల్టేజూ తగ్గుతుంది, బ్రేక్ సరిగ్గా విడవదు, మోటారు దాంతో రాసుకుంటూనే తిరుగుతుంది. కాయిల్‌కు వేరే లైను ఇచ్చి, రిలేతో నడపండి. బరువులెత్తే హాయిస్టుల్లో ఈ ఒక్కటీ రెండుసార్లు చెక్ చేసుకోవాలి.

వైండింగ్‌లో పోల్స్ సంఖ్య మార్చి వేగం మార్చే మోటారైతే, పూర్తిగా ఆగాకే పోల్ మార్చాలి. తిరుగుతుండగా మారిస్తే ఇన్వర్టర్ ట్రిప్ అవడం ఖాయం.

కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటారుకు మామూలు ఇన్వర్టర్ పెట్టకపోవడమే మేలు. పల్సుల వల్ల కెపాసిటర్ వేడెక్కి పోతుంది. తక్కువ వేగంలో సెంట్రిఫ్యూగల్ స్విచ్ (మోటారు వేగం అందుకోగానే స్టార్టింగ్ వైండింగ్‌ను తప్పించేది) తెరుచుకోక స్టార్టింగ్ వైండింగ్ కాలుతుంది. దాని బదులు త్రీ ఫేజ్ మోటారు పెట్టుకోవడం చౌక.

పేలుడు వాయువులుండే చోట వాడే మోటారుకు, ఆ ఇన్వర్టర్‌తో కలిపి వాడటానికి సర్టిఫికెట్ ఉందా చూడండి. ఇన్వర్టర్ మాత్రం ఆ గదికి బయటే ఉండాలి.

రోటర్‌లో శాశ్వత అయస్కాంతాలుండే పర్మనెంట్ మాగ్నెట్ మోటారుతో ఇంకో మెలిక: మెయిన్ ఆఫ్ చేసినా షాఫ్ట్ తిరుగుతున్నంతసేపు టెర్మినళ్లలో వోల్టేజ్ ఉంటుంది. గాలికి ఫ్యాన్ తిరిగినా చాలు. షాఫ్ట్ ఆపి, ఇన్వర్టర్ మీద రాసిన నిమిషాలు ఆగి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్‌తో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వేసేటప్పుడు మోటారు వైర్లు ఇన్వర్టర్ నుంచి విప్పేయండి, లేకపోతే పోయేది ఇన్వర్టరే.