గ్రూపులో ఒకర్ని అందరూ ఏడిపిస్తుంటే మీరేం చేయాలి

ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నా, మా సెక్షన్‌కి సీఆర్‌ని, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్‌ని. సీఆర్ అంటే అటెండెన్స్ గోల, రికార్డుల గోల అనుకున్నా గానీ, క్లాస్ వాట్సాప్ గ్రూపుకి కాపలా కాయడమే అసలు పని. తెలుగు మీడియంలో చదివి వచ్చిన మా క్లాస్‌మేట్ ఒకడు ఇంగ్లిష్ సెమినార్‌లో తడబడితే, ఆ వీడియోకి నవ్వుల సౌండ్ కలిపి ఎవరో రీల్ చేశారు. ఆ తర్వాత అతని ముఖంతో స్టిక్కర్ వచ్చింది. ఎవరేం అడిగినా జవాబుగా అదే స్టిక్కర్. 'ప్లీజ్, డిలీట్ చేయండి' అని అతను గ్రూపులో పెట్టి, మెసేజ్ ఇన్ఫో తెరిచి చూశాడట. చదివినవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కటీ లేదు. స్టిక్కర్లు పెట్టినవాళ్ల కంటే ఆ లిస్టే తనని ఎక్కువ బాధపెట్టిందన్నాడు.

అందుకే ముందు ఏడిపించేవాళ్ల సంగతి పక్కన పెట్టి, ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. పర్సనల్‌గా రెండు ముక్కలు రాస్తే చాలు. 'అది చూశా రా, నాకు అస్సలు నచ్చలేదు. తిన్నావా? కిందికి వస్తావా, టీ తాగుదాం.' 'లైట్ తీస్కో' అని మాత్రం అనకండి. అది లైట్‌గా తీసుకోవడం వాడి చేతిలో ఉంటే మీరు మెసేజ్ పెట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఏం చేద్దామో కూడా వాణ్నే అడగండి. డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) దాకా వెళ్తే ఇంకా పరువు పోతుందని భయపడేవాళ్లుంటారు. వాళ్లకి చెప్పకుండా మీరు హీరోలైపోకండి.

తర్వాత స్క్రీన్‌షాట్లు తీయండి. పెట్టినవాళ్ల పేరు లేదా ఐడీ, తేదీ, టైమ్ కనిపించాలి. రీల్ అయితే లింక్ కాపీ చేసుకోండి. గొడవ మొదలవగానే అన్నీ డిలీట్ అవుతాయి కాబట్టి ఈ పని ముందే అయిపోవాలి.

గ్రూపులో మాట్లాడాలనుకుంటే ఒక్క లైన్ చాలు. 'ఇక ఆపండి రా, తీసెయ్యండి.' నీతి వ్యాసం రాస్తే దాని మీద ఇంకో మీమ్ వస్తుంది. ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌తో ముందే మాట్లాడుకుని ఉంటే, మీ వెనకే వాళ్లు కూడా 'అవును, చాలు' అంటారు. అక్కడే వాతావరణం మారుతుంది. రీల్ కింద కామెంట్లలో మాత్రం వాదించొద్దు, మీ వాదన వల్ల అది ఇంకా నలుగురికి చేరుతుంది. అడ్మిన్లయితే ఆ మెసేజ్‌ని మీరే అందరికీ కనిపించకుండా డిలీట్ చేయొచ్చు. ఒక రాత్రికి అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చినా వేడి తగ్గుతుంది.

రిపోర్ట్ చేస్తే మన పేరు తెలిసిపోతుందేమోనని చాలామందికి టెన్షన్. ఇన్‌స్టాగ్రామ్‌ గానీ వాట్సాప్ గానీ రిపోర్ట్ చేసింది ఎవరో అవతలివాళ్లకి చెప్పవు. అయితే కొన్ని రకాల వేధింపుల మీద బాధపడిన మనిషే స్వయంగా రిపోర్ట్ చేస్తేనే ఈ రెండు యాప్‌ల కంపెనీ మెటా చర్య తీసుకుంటుంది. అందుకే పక్కన కూర్చుని, వాళ్ల ఫోన్ నుంచి కూడా చేయించండి. సీనియర్లు జూనియర్లని వేధిస్తుంటే అది ర్యాగింగే. దానికి యూజీసీ హెల్ప్‌లైన్ ఉంది: 1800-180-5522.

బట్టల్లేని ఫొటోలు గానీ, మార్ఫింగ్ చేసినవి గానీ బయటికొస్తే మాత్రం పద్ధతి మారుతుంది. అందులో ఉన్నది 18 ఏళ్లు నిండనివాళ్లయితే, సాక్ష్యం కోసమని కూడా ఆ ఫొటోని సేవ్ చేయొద్దు, ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. అలాంటివి దాచుకోవడం కూడా పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నేరం కావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఐడీ, లింక్, టైమ్ రాసుకుని, నమ్మకమైన పెద్దవాళ్లకి చెప్పి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయించండి. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ కూడా ఉంది. చిన్న వయసులో తీసిన ఫొటోలైతే 'టేక్ ఇట్ డౌన్', పెద్దవాళ్లవైతే 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే సర్వీసులున్నాయి. ఫొటో ఫోన్ దాటి బయటికి వెళ్లదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన కంపెనీలు ఆ గుర్తుని బట్టి తమ యాప్‌లలో ఆ ఫొటోని పట్టుకుంటాయి.

'నేను లేకపోతే అందరూ హ్యాపీ' లాంటి మాట వినిపిస్తే, ఎవరికీ చెప్పనని మాటిచ్చినా సరే చెప్పేయండి. రూమ్‌లో ఒంటరిగా వదలకండి. వార్డెన్‌కో ఇంట్లోవాళ్లకో ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ టైమ్‌లోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికే ప్రమాదం అనిపిస్తే ఆలోచించకుండా ఎమర్జెన్సీ నంబర్ 112.

ఇక స్టిక్కర్ చేసినవాడు మీ ఫ్రెండే అయి ఉంటాడు, చాలాసార్లు అంతే. పదిమందిలో అంటే మొండికేస్తాడు, క్యాంటీన్‌లో ఒక్కడే ఉన్నప్పుడు పట్టుకోండి. సారీ చెప్పించడం కంటే ముందు రీల్ తీయించండి. స్టిక్కర్ని వాడి ఫేవరెట్స్‌లోంచి కూడా మీ ముందే తీయమనండి. లేకపోతే ఎగ్జామ్స్ అయ్యాక ఇంకో గ్రూపులో మళ్లీ పడుతుంది.