లోవో నేర్చుకుందాం – 3వ పాఠం: గొయ్యి నింపడం, మూయడం

లోవో అంటే ఫిజీ వాళ్ళు నేలలో గొయ్యి తవ్వి, కాగిన రాళ్ళ మీద తిండి పెట్టి, మట్టితో మూసి ఉడికించే పద్ధతి. గత పాఠంలో మోకాలి లోతు గొయ్యి తవ్వి, కట్టెల మీద రాళ్ళు పేర్చి నిప్పు పెట్టాం. ఫిజీ పల్లెల్లో పెళ్ళయినా చావయినా విందుకు లోవో పడాల్సిందే. ఆ పని ఎక్కువగా మగవాళ్ళదే.

ముందు రాళ్ళను చూడండి. మంట మొదలైనప్పుడు మసి పట్టి నల్లబడతాయి. బాగా కాగాక ఆ మసీ కాలిపోయి బూడిద రంగుకు తిరుగుతాయి. అప్పటిదాకా ఆగాల్సిందే. ఇక్కడ తొందరపడితే దాలో సరిగ్గా ఉడకదు, గొంతు దురద పెడుతుంది. దాలో అంటే చామదుంపే, కాకపోతే చాలా పెద్దది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పంద కూలీలుగా, ఫిజీ వెళ్ళిన మనవాళ్ళకు అక్కడ తెలిసిన తిండి ఇదొకటైనా కనబడి ఉంటుంది.

రాళ్ళు కాగాక కాలని కట్టెముక్కలన్నీ తీసేయండి. ఒక్కటి మిగిలినా లోపల పొగ కమ్మి కూర చేదెక్కుతుంది. పొడుగాటి పచ్చికర్రతో రాళ్ళను చదును చేసి, వాటి మీద చీల్చిన అరటిబోదెలో కొబ్బరి మట్టలో పరవండి. తిండి రాళ్ళకు తగిలితే మాడుతుంది. పైగా బోదెలోని నీరే ఆవిరవుతుంది.

ఇక సర్దడం. పందిమాంసం, కోడి, పెద్ద దాలో దుంపలు అడుగున. వాటి మీద కర్రపెండలం, చిలగడదుంప. చేపలు, దాలో ఆకులో కొబ్బరిపాలు పోసి కట్టిన పాలుసామి పొట్లాలు అన్నిటికన్నా పైన. మాంసాన్ని కొబ్బరాకు బుట్టల్లో పెడతారు. ఈమధ్య ఫిజీలోనూ చాలామంది ఫాయిల్ చుట్టేస్తున్నారు. పని సులువే, కానీ ఆకు వాసన మాంసానికి పట్టదు. నా ఓటు ఆకుకే.

మూత దగ్గర మాత్రం ఓపిక కావాలి. అరటాకులు ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కేలా రెండు మూడు వరసలు కప్పి, పైన తడిపిన గోనెసంచులు వేసి, అంచుల నుంచి మధ్యకు మట్టి తోయండి. పార పక్కన పడేసి వెళ్ళిపోకండి. కాసేపటికి ఎక్కడో ఒకచోట సన్నగా ఆవిరి లేస్తుంది. అక్కడ ఇంకో పారెడు మట్టి వేయండి. ఇంకోచోట లేస్తుంది, అక్కడా వేయండి. ఆవిరి పూర్తిగా ఆగితేనే గొయ్యి మూసినట్టు.

ఆపైన రెండు మూడు గంటలు. పందిని కోయకుండా మొత్తంగా పెడితే ఇంకా ఎక్కువ. ఎంత టెన్షన్‌గా ఉన్నా మధ్యలో తెరిచి చూడకూడదు. పోయిన ఆవిరి మళ్ళీ రాదు, చల్లారిన రాళ్ళు మళ్ళీ కాగవు.

తెరిచేటప్పుడు మట్టిని ముందు పూర్తిగా పక్కకు లాగి, సంచులను ఒకవైపు నుంచి చుట్టుకుంటూ రండి. గబుక్కున ఎత్తితే మట్టంతా కూరలో పడుతుంది. పెద్ద విందుల్లో, బయటికి తీసిన తిండిని బుట్టల్లోనే వరసగా పెట్టి, లాంఛనంగా నాలుగు మాటలు చెప్పి అతిథులకు అప్పగిస్తారు. వాళ్ళు అందుకున్నాకే పంపకం.

వచ్చే పాఠంలో పాలుసామి పొట్లం. లేత ఆకులు, చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిపాయలు సిద్ధం చేసుకోండి.