పెల్టియర్ మాడ్యూల్‌కు ఇంట్లో చేసుకునే వాటర్ బ్లాక్

పెల్టియర్ మాడ్యూల్ అంటే కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, రెండవ వైపు వేడెక్కే పలుచని పలక; అది వేడిని మాయం చేయదు. కంప్యూటర్ ప్రాసెసర్ నుండి లాగిన వేడికి తాను వాడుకున్న కరెంటును కూడా వేడిగా చేర్చి, రెండవ వైపున వదులుతుంది. ప్రాసెసర్ 30 వాట్లు వెలువరిస్తుండగా మాడ్యూల్ 12 వోల్టుల వద్ద 4 ఆంపియర్లు తీసుకుంటే, ఆ వేడి వైపుకు ఆనించి, లోపల నీరు పారించే లోహపు దిమ్మె, అనగా వాటర్ బ్లాక్, మోయవలసినది 78 వాట్లు.

సాధారణ మాడ్యూల్ 40 మి.మీ. చదరం కనుక, 60 మి.మీ. చదరము, 6 మి.మీ. మందము గల రాగి పలకను తీసుకొని, దాని నడుమ 3 మి.మీ. లోతున పాము మెలికల వంటి కాలువను మిల్లింగ్ యంత్రం ఉన్న వర్క్‌షాపులో చెక్కించుకోవాలి. అడుగు భాగాన్ని గాజు పలకపై పరచిన ఎమరీ కాగితంతో, 400 నంబరు నుండి 1000 వరకు, ఓపికగా నునుపు చేయాలి. నా అనుభవంలో తొందరపడి చెడగొట్టుకునేది ఈ పనినే. పైన అక్రిలిక్ మూత, మధ్యలో రబ్బరు రింగు ఉంచి, మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒకేసారి బిగిస్తే అక్రిలిక్ పగులుతుంది.

నల్గొండ బోరు నీరు ఇందుకు పనికిరాదు, అందులోని లవణాలు కాలువలో పొర కడతాయి; బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్‌ను జత చేస్తే అల్యూమినియం తినివేయబడుతుంది. మన వేసవిలో నీరు గది గాలి కంటే చల్లబడదు కనుక రేడియేటర్ పెద్దదే కావాలి.

కంప్యూటర్‌లో అమర్చే ముందు 24 గంటలు బయటే పంపు నడిపి, కారడం లేదని చూసుకోవాలి. చల్లని వైపు చెమ్మ పట్టకుండా చుట్టూ ఫోమ్ అతికించాలి. పంపు తిరగనిదే మాడ్యూల్‌కు కరెంటు ఇవ్వరాదు.