హాస్టల్ గదిలో వాద్యం – 2వ పాఠం: తెచ్చాం సరే, పెట్టేదెక్కడ, వాయించేదెప్పుడు?

మొదటి పాఠంలో రెండు పనులు ఇచ్చాను. విజయనగరంలో హాస్టల్‌కు తీసుకెళ్లే వాద్యం ఒక్కటే అని తేల్చుకోవడం మొదటిది. టేపు పట్టుకుని వాద్యం పెట్టె పొడవు, గదిలో మంచం కింద ఎత్తు, అల్మారా లోతు కొలిచి రాసుకోవడం రెండోది. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఇంకా కొలవనివాళ్లు ముందు కొలిచి రండి. అంకెలు చేతిలో లేకపోతే ఇందులో సగం మీకు ఉత్త మాటలే.

ఈ పాఠమంతా ఒక లెక్క మీద నడుస్తుంది. వాయించాలని అనిపించిన క్షణం నుంచి మొదటి స్వరం పలికేదాకా రెండు నిమిషాలకు మించి పట్టకూడదు. అల్మారా మీద మూడు సూట్‌కేసుల వెనక దాచిన వాద్యం భద్రంగానే ఉంటుంది. మిడ్ పరీక్షలు మొదలయ్యేసరికి దాన్ని దించే ఓపిక ఎవరికీ ఉండదు, సెమిస్టర్ అయ్యాక అదే దుమ్ముతో ఇంటికి తిరిగెళ్తుంది. ఎక్కడ పెట్టాలి, ఎలా కాపాడాలి, ఎప్పుడు వాయించాలి అన్నవన్నీ ఆ రెండు నిమిషాలకు లోబడే చూద్దాం.

ముందు దారి సంగతి

శ్రీకాకుళం వైపు నుంచి విజయనగరం వచ్చేవాళ్లు ఆమదాలవలసలో రైలెక్కడం మేలు. బస్సులో కూర్చునే చోటు దొరికినా పెట్టెకు దొరకదు. కండక్టర్ గారు డిక్కీలో వేసేయమంటారు. వేయొద్దు. డిక్కీలో వేడి ఎక్కువ, పైగా దాని మీదికి బియ్యం మూటలొచ్చి పడతాయి. బస్సు తప్పకపోతే వయొలిన్ అయితే ఒళ్లో పెట్టుకోండి, గిటార్ అయితే కాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకోండి. వెనక చక్రాల పైన ఉండే సీటు మాత్రం వద్దు, కుదుపులన్నీ అక్కడే.

వయొలిన్ తీగలు ప్రయాణానికి కొంచెమే వదులు చేయాలి. నాలుగూ పూర్తిగా వదిలేస్తే వాటిని మోసే చిన్న చెక్క, అంటే బ్రిడ్జి, పడిపోతుంది. బ్రిడ్జి నొక్కు పోతే లోపల జిగురు లేకుండా నిలబెట్టిన చిన్న కర్ర కూడా ఒరిగిపోవచ్చు. దాన్ని తిరిగి నిలబెట్టడం మన చేతిలో పని కాదు. కమాను వెంట్రుకలను మాత్రం పూర్తిగా వదులు చేసి పెట్టండి.

వీణకు పెద్ద శత్రువు వేడి. దాని 24 మెట్లూ మైనం మీద కూర్చుని ఉంటాయి. ఎండలో నిలబెట్టిన కారులో గంటసేపు వదిలేస్తే మైనం మెత్తబడుతుంది, మెట్టు వెంట్రుకవాసి జరిగినా గాంధారం గాంధారంలా పలకదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసే పనివాళ్లు ఉన్నారు కాబట్టి ఈ జిల్లాలో వీణ బాగుచేయించుకోవడం కష్టం కాదు. అయినా హాస్టల్‌కు వీణ తేవద్దనే నేను చెబుతాను. చప్పుడు తక్కువే, గొడవలూ రావు, కానీ మంచం కింద పట్టదు, నేల మీద పెడితే ఎవరో ఒకరు దాటుకుంటూ పోతారు. ఊళ్లో పిన్ని గారిల్లో అత్తయ్య గారిల్లో ఉంటే అక్కడ ఉంచి, శనాదివారాలు వెళ్లి వాయించుకోండి. టిఫిన్ కూడా దొరుకుతుంది.

ఇంకో మాట. దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం. ఆ ముందురోజు నుంచే మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా కాలు పెట్టే సందు ఉండదు. దసరా సెలవులకు ఇంటికి తీసుకెళ్లిన వాద్యాన్ని ఆ రెండు రోజుల్లో వెనక్కి తేవద్దు. జనంలోకి దిగాలనుకుంటే చేతులు ఊపుకుంటూ దిగండి.

గోడను పరీక్షించడం

గదిలో చోటు ఎంచుకునే ముందు చేయాల్సిన చిన్న పరీక్ష ఇది. జానెడు వెడల్పున్న పాలిథీన్ ముక్క తీసుకుని, మీరు అనుకున్న చోట గోడకు ఆనించి నాలుగు వైపులా టేపు అంటించండి. గాలి చొరబడకూడదు. రెండు రాత్రులు వదిలేసి చూడండి. ముక్కకు గోడవైపున చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తే గోడలోపలే చెమ్మ ఉన్నట్టు. బయటవైపు పడితే గదిలో గాలి తడిగా ఉన్నట్టు, కిటికీ తెరిస్తే, ఫ్యాన్ వేస్తే కొంత తగ్గుతుంది. గోడలో చెమ్మ ఉంటే మాత్రం వాద్యాన్ని ఆ గోడకు దూరంగా పెట్టడం తప్ప దారి లేదు. బాత్‌రూమ్‌కు ఆనుకున్న గోడ దగ్గర ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, అది పనికిరాదని ముందే రాసేసుకోండి.

మంచం కింద పెట్టేవాళ్లు నేల మీద పెట్టొద్దు. తడిగుడ్డ నీళ్లు, బొద్దింకలు, ఎలుకలు అన్నీ అక్కడికే చేరతాయి. రెండు ఇటుకలు వేసి పైన చెక్క పరవండి. పెట్టె పిడి బయటికి ఉండాలి, వంగి లాగితే వచ్చేయాలి. పై అంతస్తులో గది వస్తే అల్మారా పైభాగం మర్చిపోండి, వేసవిలో స్లాబు వేడి నేరుగా దాని మీదికే దిగుతుంది. నా మటుకు నాకు నచ్చే చోటు తలగడవైపు పెట్టిన ట్రంకు పెట్టె మీద. వయొలిన్ పెట్టె దాని మీద సరిగ్గా సరిపోతుంది, లేచి కూర్చుంటే చేతికి అందుతుంది. గిటార్ అయితే మూలకు ఆనించి, దాని కవరు పట్టీని మంచం కోడుకు కట్టేయండి. మధ్యలో స్టాండు పెడితే మూడో రోజుకే ఎవరి కాలో తగులుతుంది.

మృదంగం తెచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఎడమ మూత మీద పెట్టిన రవ్వ ముద్దను వాయించడం అయిన వెంటనే గీకేసి, తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. అలా వదిలేస్తే రాత్రికి చీమలు, తెల్లారేసరికి ఎలుకలు. ఎలుకకు రవ్వ ఎక్కడ అయిపోయిందో, తోలు ఎక్కడ మొదలైందో తేడా తెలియదు.

తేమ

చెక్క వాద్యాలకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. మన వైపు వానాకాలంలో అది 80 దాటడం మామూలే. తేమ చూపించే చిన్న మీటరు దొరుకుతుంది, పెట్టెలో పడేయండి. సిలికా జెల్ కూడా కావాలి. చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాలు నాలుగు రోజులకే నిండిపోతాయి. రంగు మారే గుళికలు విడిగా కొని పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి, తీగలకు తగలకుండా పెట్టె మూలలో పెట్టండి. రంగు మారాయంటే నిండాయని అర్థం. ఇంటికి వెళ్లినప్పుడు పొడి మూకుడులో సన్నటి సెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. ఆ మూకుడును మళ్లీ వంటకు వాడకండి, అమ్మతో ముందే చెప్పండి.

వానల్లో వయొలిన్ బిరడాలు, అంటే తీగలు బిగించే చెక్క మేకులు, ఉబ్బి బిగుసుకుంటాయి. బలం పెట్టి తిప్పితే బిరడా విరుగుతుంది. తీగ వదులు చేసి, బిరడా బయటికి లాగి, రుద్దుకునే చోట పెన్సిల్ సీసం రాయండి. వేసవిలో దీనికి ఎదురు జరుగుతుంది, నిలవక జారిపోతుంది. అప్పుడు సుద్దముక్క రాయాలి. ఒకేసారి ఒక్క బిరడానే తీయండి, కారణం పైన బ్రిడ్జి గురించి చెప్పినదే. గిటార్ వాళ్లకు తీగలు పలక మీద నుంచి పైకి లేచి వేళ్లు నొప్పెడితే అది చెక్క ఉబ్బడం వల్ల కావచ్చు, మీ వేళ్ల తప్పు కాకపోవచ్చు. ఏ తీగ వాద్యమైనా సరే, వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడవండి. మన చెమటలో ఉప్పే తుప్పుకు సగం కారణం.

తుపాను రోజులకు వేరే పద్ధతి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. రెండూ సెమిస్టర్ నడుస్తున్నప్పుడే. హెచ్చరిక రాగానే పెట్టెను కిటికీకి దూరంగా, మంచం మీదికి ఎక్కించి పాలిథీన్‌తో చుట్టండి. వాన తెరిపివ్వగానే విప్పేయండి. చుట్టి అలాగే వదిలేస్తే లోపలి తడి లోపలే ఉండి బూజు పడుతుంది.

చప్పుడు

హాస్టల్లో వాద్యం మీద వచ్చే గొడవల్లో నూటికి తొంభై ఇక్కడివే. పెట్టె విప్పకముందే రూమ్మేట్లతో మాట్లాడండి. వాయించాక అడిగితే అది సంజాయిషీ అవుతుంది. మాట ఇలా మొదలుపెట్టొచ్చు:

"ఒరేయ్, సాయంత్రం ఆరు నుంచి ముప్పావుగంట వాయించుకుంటాను. మీ ఇద్దరికీ ఇబ్బందైతే ఇప్పుడే చెప్పండి."

"ఏటి వాయిస్తావు?"

"వయొలిన్."

"కీచుకీచుమనేదేనా? మిడ్స్‌లో మాత్రం వద్దురా బాబూ."

ఇంతే. మిడ్స్ వారం వదులుకున్నారు, మిగతా రోజులు మీవి. పక్క గది సీనియర్ అన్నయ్యకు కూడా ఒక మాట చెవిన వేయండి. వార్డెన్ సార్‌కు వాద్యం పేరు, వాయించే వేళ రాసి ఒక కాగితం ఇవ్వండి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆయన చేతిలో ఆ కాగితం ఉంటుంది.

వేళ ఎంచుకోవడం సులువు. క్లాసుల తర్వాత అందరూ గ్రౌండ్‌కో గంటస్తంభం వైపో వెళ్లే సమయం మీది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అసలు వద్దు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల్లో రాత్రివేళ అంటే అదే. నివాస ప్రాంతాల్లో ఆ వేళ పరిమితి 45 డెసిబెల్స్. విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే అక్కడ 40. వయొలిన్ వాయించేవాడి చెవి దగ్గరే 80 దాటుతుంది. మధ్యలో గోడ ఉన్నా ఈ తేడా పూడేది కాదు.

వయొలిన్‌కు రబ్బరు మ్యూట్ కొనండి, బ్రిడ్జికి తగిలిస్తే శబ్దాన్ని అణచేది అదే. లోహంతో చేసినవి ఇంకా బాగా అణచుతాయి గానీ జారి పడ్డాయంటే పైపూత మీద గీత పడుతుంది. పెట్టే పద్ధతి చూడండి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో బ్రిడ్జిని అడుగున పట్టుకోండి. మ్యూట్ చీలికలు తీగల మధ్యకు వచ్చేలా చూసి, రెండు వైపులా ఒకే బలంతో కిందికి నొక్కండి. తర్వాత పక్క నుంచి చూడండి. బ్రిడ్జి ముందుకు వాలి కనిపిస్తే మ్యూట్ తీసి దాన్ని నిటారుగా సర్దాకే మళ్లీ పెట్టండి. దీనితో ఒక ఇబ్బంది ఉంది. శబ్దం తగ్గేసరికి చేయి తెలియకుండానే కమానును నొక్కడం మొదలుపెడుతుంది, నాదం గరగరమంటుంది. వారానికి ఒకసారైనా మ్యూట్ లేకుండా, ఆరుబయట వాయించండి. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు ఇది. ఇక్కడ గుడి మండపంలో వయొలిన్ తీస్తే ఎవరూ వింతగా చూడరు, తప్పు స్వరం పడితే మాత్రం ఏ పెద్దాయనో తల తిప్పుతాడు.

మృదంగానికి మ్యూట్ లేదు. గదిలో పాఠం నోటితో చెబుతూ, తువ్వాలు కప్పిన లావుపాటి పుస్తకం మీద చేతులు ఆడించండి. త ధి తొం నం మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, ఇలా స్థిరపడ్డాక అసలు వాద్యం మీద సగం పని తగ్గుతుంది.

కీబోర్డు వాళ్లు హాయిగా ఉంటారు, హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు. బ్లూటూత్‌వి వద్దు. నొక్కిన మెట్టుకు, వినిపించే స్వరానికి మధ్య ఆలస్యం ఉంటుంది, తాళం చెడుతుంది. వైరు ఉన్నదే కొనండి. చాలా కీబోర్డుల్లో రంధ్రం పెద్దది, 6.3 మిల్లీమీటర్లు. ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్ను 3.5. మధ్యలో పెట్టే కన్వర్టర్ పిన్ను తెచ్చుకోండి. కింద దుప్పటి మడిచి వేయడం మర్చిపోవద్దు. మీకు పాట వినిపిస్తుంది, పక్క మంచం వాడికి టకటకలు వినిపిస్తాయి. అడాప్టర్ మాత్రం ఎవరిదీ అడిగి తెచ్చుకోకండి. వోల్టేజి ఒకటే అయినా ప్లస్, మైనస్ తారుమారుగా ఉండేవి ఉన్నాయి.

గాయకులకు సామానే లేదని అనుకుంటారు. ఘంటసాల గారు ఈ ఊళ్లో మధూకరం చేసుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడిగి తింటూ, సంగీతం నేర్చుకున్నారు, ఆయన చేతిలో మాత్రం ఏ పెట్టె ఉంది! ఫోన్‌లో శ్రుతి పెట్టుకుంటే మీకు సరిపోతుంది. ఇతరుల కోసం గొంతు బాగా తగ్గించి గుసగుసగా పాడటం మాత్రం చేయకండి, గొంతు త్వరగా అలుస్తుంది. పెదవులు మూసి హమ్ చేయడమే నయం.

యాంప్లిఫయర్ గురించి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తేవద్దు.

ఈ వారం పని

పాలిథీన్ ముక్క ఇవాళే అంటించండి, ఎల్లుండి తీసి ఏ వైపు తడి ఉందో రాయండి. రూమ్మేట్లతో మాట్లాడి ఒప్పుకున్న వేళ, ఒప్పుకోని వారాలు రాయండి. తర్వాత ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, కుర్చీలోంచి లేచి, పెట్టె తీసి, శ్రుతి చేసి, షడ్జం పలికించండి. రెండు నిమిషాలు దాటితే పెట్టె చోటు మార్చి మళ్లీ చూడండి. మూడో పాఠం ఫోన్‌తో రికార్డు చేసుకోవడం గురించి. దానికి ఒక చార్జరు, ఒక మందపాటి దుప్పటి సిద్ధం చేసుకోండి.