ఇంటిపై సోలార్ ప్యానెళ్లు: సబ్సిడీకి, రుణానికి దరఖాస్తు చేసే ముందు కరెంటు బిల్లు మీద పేరు చూసుకోండి

ఇళ్లపై సోలార్ ప్యానెళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన ‘పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన’ కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు రూ.30,000 చొప్పున, మూడో కిలోవాటుకు రూ.18,000 సబ్సిడీ లభిస్తుంది. మూడు కిలోవాట్లు దాటి ఎంత పెట్టుకున్నా గరిష్ఠంగా అందేది రూ.78,000 మాత్రమే. ఈ సొమ్ము ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు (తీసుకున్న కరెంటునూ, తిరిగి పంపిన కరెంటునూ లెక్కించే మీటరు) అమర్చి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తనిఖీ పూర్తయ్యాకే దరఖాస్తుదారు బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. అందువల్ల ‘సబ్సిడీ ముందే ఇప్పిస్తాం, అడ్వాన్సు కట్టండి’ అంటూ ఇంటికి వచ్చేవారి మాట అక్కడే ఆపేయవచ్చు. పథకం పోర్టల్‌లో నమోదుకు రుసుము ఏదీ లేదు.

నమోదు ప్రక్రియ కష్టమైనది కాదు. పోర్టల్‌లో రాష్ట్రాన్ని, డిస్కంను ఎంచుకుని (హైదరాబాద్ వారికి టీజీఎస్పీడీసీఎల్), కరెంటు బిల్లుపై ఉండే యూఎస్‌సీ నంబరు (మీ కనెక్షన్ సర్వీసు నంబరు) ఇచ్చి, ఫోనుకు వచ్చిన ఓటీపీతో లాగిన్ అయితే దరఖాస్తు ఫారం తెరుచుకుంటుంది. పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన కోసం వేచి ఉండాల్సిన పని లేదు. ఆ తర్వాత పోర్టల్‌లో నమోదైన విక్రేతల్లో ఒకరిని ఎంచుకోవాలి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి. ఫారం నింపడానికి పక్కింటి డిగ్రీ విద్యార్థి సాయం చాలు, ఏజెంటు అక్కర్లేదు.

దరఖాస్తులు ఆగిపోయేది పేరు దగ్గర. మీరిచ్చిన సర్వీసు నంబరు ఎవరి పేరున ఉంటే దరఖాస్తు వారి పేరునే నడుస్తుంది, సబ్సిడీ కూడా అదే పేరున్న బ్యాంకు ఖాతాకే వెళుతుంది. మల్కాజిగిరి, ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల ఇల్లు చేతులు మారి ఏళ్లు గడిచినా మీటరు ఇంకా పాత యజమాని పేరునో, బిల్డరు పేరునో, కాలం చేసిన తండ్రి పేరునో ఉండడం మామూలే. నెలనెలా బిల్లు కడుతున్నంత కాలం దాని పైవరుసలో ఎవరి పేరుందో ఎవరూ పట్టించుకోరు. కొందరు దళారులు ఈ సంగతి తెలిసీ చెప్పకుండా పాత పేరుతోనే నమోదు చేసి, ప్యానెళ్లు బిగించి, తమ డబ్బు తాము తీసుకుని వెళ్లిపోతారు; ఖాతా వివరాలు ఇచ్చే దశలో పేరు కుదరక దరఖాస్తు నిలిచిపోయినప్పుడు వారి ఫోను మోగదు.

కాబట్టి మొదటి పని పేరు మార్పిడి. ఇల్లు కొన్నవారు రిజిస్టరైన సేల్ డీడ్ ప్రతి, బకాయిలు లేవని తెలిపే తాజా బిల్లు రసీదు, స్టాంపు పేపరుపై ఇండెమ్నిటీ బాండు (తర్వాత తగాదా వస్తే నష్టం తామే భరిస్తామనే హామీ పత్రం) జతచేసి డిస్కం కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో దరఖాస్తు చేసుకోవాలి. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే మరణ ధ్రువపత్రం, మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం కావాలి. అన్నదమ్ములు తలో అంతస్తులో ఉంటూ డాబాను ఉమ్మడిగా వాడుకునే ఇళ్లలో ఈ చివరి కాగితమే ఆలస్యం చేస్తుంది. ఇప్పుడు మొహమాటపడి వదిలేస్తే ఆ ప్రశ్న రేపు బ్యాంకు అడుగుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బిల్లుపై ఒక్క పొడి అక్షరమే ఉన్నా, దాన్నీ ఇదే విడతలో సరిచేయించుకోవడం మేలు. ఇది రోజుల్లో కాకుండా వారాల్లో తేలే పని అయినా, అసాధ్యమైనది కాదు.

రెండో చిక్కు కప్పుది. ఈ సబ్సిడీ ప్యానెళ్లకే తప్ప స్లాబు మరమ్మతుకు, రేకులు తీసి కొత్త కప్పు వేసుకోవడానికి వర్తించదు. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. 540 వాట్ల ప్యానెలు ఒక్కొక్కటి దాదాపు 28 కిలోలు ఉంటుంది, మూడు కిలోవాట్లకు అలాంటివి ఆరు పడతాయి. పాత సిమెంటు రేకులు ఆ బరువునూ, గాలి ఒత్తిడినీ మోయలేవు. వర్షం పడితే లోపల చెమ్మ దిగే స్లాబుపై స్టాండ్ల కోసం రంధ్రాలు వేయిస్తే కారడం ఎక్కువవుతుంది. పాతికేళ్లు ఉండాల్సిన ప్యానెళ్లను మరమ్మతు కోసం మధ్యలో విప్పి మళ్లీ బిగించడం వృథా ఖర్చు గనుక కప్పు పని ముందే ముగించాలి. దానికి బ్యాంకులిచ్చే ఇంటి మరమ్మతుల రుణం గాని, ఇప్పటికే గృహరుణం ఉన్నవారైతే దానిపై టాప్‌అప్ (అదనపు రుణం) గాని తీసుకోవాలి. విక్రేత కొటేషన్‌లో వాటర్‌ప్రూఫింగ్‌ను కూడా కలిపి ‘అంతా సోలార్ లోనులో వచ్చేస్తుంది’ అన్నప్పుడు సంతకం పెట్టకండి.

సోలార్ రుణం సంగతికి వస్తే, మూడు కిలోవాట్ల వరకు రూ.2 లక్షల దాకా తాకట్టు లేకుండా, రెపో రేటుతో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పుపై వడ్డీతో) ముడిపడిన తక్కువ వడ్డీకి ప్రభుత్వ బ్యాంకులు ఇస్తున్నాయి. దీనికి ప్రభుత్వ రుణ పథకాల పోర్టల్ జనసమర్థ్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. ఖర్చులో సాధారణంగా పదో వంతు మీరు పెట్టుకోవాలి. తాకట్టు లేదన్నంత మాత్రాన ఇంటి కాగితాలు అడగరని కాదు. డాబాపై మీకు హక్కుందని బ్యాంకుకు తెలియాలి. రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ కాగితాలతో కొన్న ఇళ్లవారు సోలార్ విక్రేతకు అడ్వాన్సు ఇచ్చేలోపే బ్యాంకు శాఖలో ఒకసారి మాట్లాడుకోవడం క్షేమం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది గనుక, చేతిలో ఉన్నది అంతకు ముందు నాటి కొటేషన్ అయితే కొత్తది తెప్పించుకోండి.

కొటేషన్‌లో ప్యానెళ్లు ‘డీసీఆర్’ రకమని, అంటే సెల్, మాడ్యూల్ రెండూ దేశంలోనే తయారైనవని రాసి ఉండాలి. లేకపోతే సబ్సిడీ రాదు. కొంచెం చవకగా దొరికే విదేశీ సెల్స్ చూపించి ఒప్పించేవారు ఇక్కడే జారుకుంటారు. విక్రేతతో ఒప్పందంలో ఐదేళ్ల నిర్వహణ బాధ్యత ఉందో లేదో చదివి చూసుకోండి.

తనిఖీ ముగిశాక పోర్టల్‌లో కమిషనింగ్ ధ్రువపత్రం (ప్యానెళ్లు పని మొదలుపెట్టాయని తెలిపేది) వస్తుంది. అప్పుడు రద్దు చేసిన చెక్కుతో ఖాతా వివరాలు ఇవ్వాలి. ఆ ఖాతా వాడుకలో ఉన్నదై ఉండాలి. నెట్ మీటరు వచ్చిన తర్వాతి మొదటి బిల్లులో గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు, గ్రిడ్‌కు పంపిన యూనిట్లు విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. పంపినవే ఎక్కువగా ఉన్నా కస్టమర్ చార్జీల వంటివి బిల్లులో వస్తూనే ఉంటాయి, అది మీటరు లోపం కాదు.