చతుర్భుజాన్ని పరీక్షించి పేరు తేల్చడం ఎలా?

చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనంటే ఒప్పుకోనివారు చాలామందే ఉన్నారు. ఆకారాన్ని కంటితో చూసి పేరు పెట్టే అలవాటే ఈ చిక్కుకు కారణం. నిర్వచనం చేతపట్టుకుని వరుసగా పరీక్షిస్తే పేరు దానంతటదే తేలుతుంది.

ముందుగా అది చతుర్భుజమేనా అని చూడాలి. ఒకే తలంలో, ఏ మూడూ ఒకే సరళరేఖపై లేని నాలుగు బిందువులను, మధ్యలో ఎక్కడా ఖండించుకోని రేఖాఖండాలతో వరుసగా కలిపితే ఏర్పడే సంవృత పటమే (అన్నివైపులా మూసి ఉన్న ఆకారమే) చతుర్భుజం. దాని అంతరకోణాల మొత్తం ఎప్పుడూ 360 డిగ్రీలు.

రెండో పరీక్ష సమాంతరత. ఎదుటి భుజాల్లో కనీసం ఒక జత సమాంతరమైతే అది ట్రెపీజియం, రెండు జతలూ అయితే సమాంతర చతుర్భుజం. ‘ఒకే ఒక జత’ ఉన్నదే ట్రెపీజియమని నిర్వచించేవారూ ఉన్నారు కాబట్టి, మీ పాఠ్యపుస్తకం ఏ నిర్వచనం తీసుకుందో చూసుకోవడం అవసరం. ఏ జతా సమాంతరం కాకపోయినా, ఆసన్న (పక్కపక్కనున్న) భుజాలు రెండు జతలుగా సమానమైతే అది గాలిపటం.

సమాంతర చతుర్భుజమని తేలాక భుజాలను, కోణాలను విడివిడిగా పరీక్షించాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. విశాఖపట్నంలో జగదాంబ జంక్షన్ వైపు పాత దుకాణాలకు ఉండే ఇనుప మడత గేటును గమనించండి. గేటును లాగేకొద్దీ అడ్డపట్టీల మధ్య గళ్ల కోణాలు మారుతాయి గాని, పట్టీల పొడవు మారదు కాబట్టి నాలుగు భుజాలూ సమానంగానే ఉంటాయి. ఇదే రాంబస్, అంటే సమచతుర్భుజం. దాని కర్ణాలు, అంటే ఎదుటి మూలలను కలిపే రేఖలు, ఎప్పుడూ లంబంగా సమద్విఖండన చేసుకుంటాయి, అంటే ఒకదాన్నొకటి సరిగ్గా సగానికి ఖండించుకుంటాయి.

కోణాల విషయానికి వస్తే, సమాంతర చతుర్భుజంలో ఒక్క కోణం లంబకోణమైతే చాలు, ఆసన్న కోణాల మొత్తం 180 డిగ్రీలు కాబట్టి మిగిలిన మూడూ లంబకోణాలే అవుతాయి. అది దీర్ఘచతురస్రం. మధురవాడలో కొత్తగా కడుతున్న ఇంట్లో 4 మీటర్లు, 3 మీటర్ల గదికి టైల్స్ వేసే ముందు రెండు కర్ణాలనూ టేపుతో కొలవండి. ఎదుటి గోడలు సమానమై, కర్ణాలు రెండూ 5 మీటర్లు వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టే, ఒకటి 4.9, మరొకటి 5.1 వస్తే గది సమాంతర చతుర్భుజమే గాని దీర్ఘచతురస్రం కాదు.

భుజాలు, కోణాలు అనే ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గేది చతురస్రం. క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన నిర్వచనాల్లో దీనిని దీర్ఘచతురస్రం నుంచి వేరుగానే ఉంచాడు. నేటి గణితం మాత్రం చతురస్రాన్ని దీర్ఘచతురస్రాల్లో కలుపుకొనే పద్ధతినే పాటిస్తుంది, అదే మేలైనది కూడా. ఎందుకంటే కర్ణాలు పరస్పరం సమద్విఖండన చేసుకుంటాయని సమాంతర చతుర్భుజానికి ఒక్కసారి నిరూపిస్తే, రాంబస్‌కు, దీర్ఘచతురస్రానికి, చతురస్రానికి మళ్లీ నిరూపించనక్కర్లేదు.