ట్యూబ్ ఆంప్ గుయ్యిమంటోందా, సౌండ్ తగ్గిందా? ముందు గోడ దగ్గర మొదలుపెట్టండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ట్యూబ్ ఆంప్‌లు, అంటే గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫయర్లు, ఎక్కువేం ఉండవు. చర్చిలో గిటార్ వాయించే కుర్రాళ్ల దగ్గర కొన్ని, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల దగ్గర కొన్ని. రిపేరుకు తెచ్చేవాళ్లు మాత్రం దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "అన్నా, ట్యూబులు పోయినట్టున్నయ్, కొత్తవి ఎయ్యి." ట్యూబులు అరిగే వస్తువులే, పోతాయి కూడా. కానీ అనుమానం అక్కడ మొదలుపెడితే వేలకు వేలు పోసి ట్యూబులు కొన్నాక కూడా అదే గోల వినాల్సి వస్తుంది. ముందు ప్లగ్గు పెట్టిన గోడ, తర్వాత వైర్లు, ఆ తర్వాత జాకులు, అప్పుడు ట్యూబులు, చిట్టచివర లోపలి బోర్డు. ఈ వరసలో వెళితే చాలావరకు పెట్టె విప్పకుండానే తేలిపోతుంది.

విప్పాల్సి వస్తే మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. లోపల 300 నుంచి 500 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా పెద్ద కండెన్సర్లలో (కెపాసిటర్లలో) అది నిలవ ఉంటుంది. 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో పెట్టి ఖాళీ చేసి, మల్టీమీటర్‌లో సున్నాకి దగ్గరగా వచ్చిందని చూశాకే చేయి పెట్టాలి. ఈ పని ఎప్పుడూ చేయనివాళ్లు వెనక పలక తీసి ట్యూబులు మార్చడం దగ్గరే ఆగండి. ఛాసీ (భాగాలన్నీ బిగించిన లోపలి లోహపు పెట్టె) బయటకు లాగే పని తెలిసిన మెకానిక్‌కు వదిలేయండి.

ఏమీ వాయించకపోయినా గుయ్యిమంటోంది

గిటార్ వైరు పీకేయండి. శబ్దం పోయిందంటే ఆంప్ బాగానే ఉంది, తేడా గిటార్‌లోనో వైరులోనో ఉంది. సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటార్ కొంత హమ్ (ఈ గుయ్యి శబ్దం) పట్టడం సహజం. నిలబడిన చోటే పక్కకు తిరిగి చూడండి, ఏదో ఒక దిక్కున తగ్గుతుంది. పోలేదంటే వాల్యూమ్ సున్నాకి తిప్పండి. దాంతోపాటు హమ్ తగ్గితే అది వాల్యూమ్ కంట్రోల్‌కు ముందున్న భాగంలో పుడుతోంది. సున్నాలో కూడా అలాగే ఉంటే కరెంటు సప్లై, ఫేజ్ ఇన్వర్టర్ (పవర్ ట్యూబులకు సిగ్నల్‌ను రెండుగా పంచే దశ), పవర్ ట్యూబులు (స్పీకర్‌ను నడిపే పెద్ద ట్యూబులు), ఈ మూడింట్లో ఒకటి.

ఇప్పుడు చెవికి పని చెప్పండి. మన కరెంటు 50 హెర్ట్జ్. రెక్టిఫయర్ దాన్ని డీసీగా మార్చాక మిగిలే అల 100 హెర్ట్జ్. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే పలికే జీ స్వరం 98 హెర్ట్జ్. గిటార్‌ను ఆంప్‌కు తగిలించకుండా ఆ స్వరాన్ని మీటి, హమ్‌తో పోల్చి చూడండి. రెండూ దాదాపు కలిసిపోతే ఆ అలను నున్నగా చేయాల్సిన ఫిల్టర్ కండెన్సర్లు నీరసపడ్డాయని అర్థం. హమ్ ఇంకా ఒక స్థాయి కిందికి, మందంగా ఉంటే అది 50. అంటే ఎర్త్, హీటర్ (ట్యూబ్‌ను వేడెక్కించే లోపలి తీగ) వైరింగ్, లేదా బయటి వైర్లు. ఇంటర్నెట్‌లో అమెరికావాళ్లు చెప్పే 60, 120 లెక్క మన దగ్గర పనికిరాదు. స్పీకర్ 50 హెర్ట్జ్‌ను అంత గట్టిగా పలికించదు కాబట్టి ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోకుండా వాల్యూమ్ పరీక్షతో కలిపి తేల్చుకోండి.

100 హెర్ట్జ్ అయితే: ఫిల్టర్ కండెన్సర్ల నెత్తి ఉబ్బిందా, అడుగున జిగురులాంటిది కారిందా చూడండి. పైకి బాగానే కనిపించినా లోపల ఎండిపోయి ఉండొచ్చు. ఏళ్ల తరబడి వాడకుండా అటక మీద పెట్టిన ఆంప్‌లకు, మన ఎండలకు రేకుల షెడ్డులో మగ్గిన ఆంప్‌లకు ఇది మామూలు. ఒకటి పోయిందంటే తోటివీ దారిలో ఉన్నట్టే, అన్నీ ఒకేసారి మార్చండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో వెతకొచ్చు. పాతదాని మీద రాసిన వోల్టేజ్ కంటే తక్కువది వేయకూడదు, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. ఎక్కువ మైక్రోఫారడ్లు వేస్తే ఇంకా బాగుంటుందనుకోకండి. జీజడ్34 రెక్టిఫయర్ ట్యూబ్ ఉన్న ఆంప్‌లో మొదటి కండెన్సర్ 60 మైక్రోఫారడ్లు దాటితే ట్యూబ్ దెబ్బతింటుంది.

50 అయితే: పెడళ్లు, మిక్సర్‌కు వెళ్లే వైర్లు అన్నీ పీకి ఆంప్ ఒక్కదాన్నే పెట్టండి. హమ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు చోట్ల ఎర్త్ కలిసి చుట్టు ఏర్పడటం. చర్చిల్లో మిక్సర్ ఒక మూల బోర్డులో, ఆంప్ వేదిక మీది బోర్డులో ఉండటం వల్ల వచ్చే తంటా ఇదే. రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే చాలావరకు పోతుంది. ఒంటరిగా పెట్టినా ఉంటే హీటర్ వైరింగ్ వైపు చూడాలి. చాలా ఆంప్‌లలో 6.3 వోల్టుల హీటర్ లైను నుంచి ఛాసీకి రెండు 100 ఓముల రెసిస్టర్లు ఉంటాయి. పవర్ ట్యూబ్ ఎప్పుడైనా షార్టయితే వాటిలో ఒకటి మాడిపోతుంది. కొత్త ట్యూబ్ వేశాక ఆంప్ పాడుతుంది గానీ హమ్ వదలదు. నల్లబడిన ఆ చిన్న రెసిస్టర్‌ను చూడకుండా మెకానిక్కులు ట్రాన్స్‌ఫార్మర్ మీద నింద వేస్తుంటారు.

హమ్‌తో పాటు సౌండ్ కూడా తగ్గిందా? పవర్ ట్యూబులు కాడికి కట్టిన ఎడ్ల జత లాంటివి. రెండూ సమానంగా లాగినప్పుడే సప్లైలోని హమ్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. ఒకటి నీరసపడితే హమ్ పైకి తేలుతుంది, బలం పడిపోతుంది.

గిటార్ తీగ పట్టుకుని మైక్‌కు మూతి ఆనిస్తే జిల్లుమంటోంది

దీన్ని చిన్న షాకే కదా అని వదిలేయకండి. ఎక్కడో ఎర్త్ సరిగా లేదని ఆంప్ చెప్తోంది. మల్టీమీటర్‌తో సాకెట్లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. 230 దగ్గర రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100, 120 అంటూ ఎటూ కాని అంకె కనిపిస్తే మూడో రంధ్రం పేరుకే ఉందన్నమాట.

మన వైపు గట్టి రాతి నేల. గుంట సరిపడా లోతు తీయరు, తీసినా ఎండాకాలం మట్టి ఎండిపోయి ఎర్త్ పని చేయదు. బొగ్గు, ఉప్పు వేసి సరిగ్గా తీసిన గుంటలో అయినా ఏప్రిల్, మే నెలల్లో బిందెడు నీళ్లు పోస్తుండాలి. ఫంక్షన్ హాల్ జనరేటర్ మీద నడుస్తుంటే దాని ఎర్త్ ఎక్కడ కలిపారో అడిగి తెలుసుకోండి.

హమ్ పోతుందని ప్లగ్గులో మూడో పిన్ను పీకేసేవాళ్లున్నారు. హమ్ పోవచ్చు కూడా. కానీ తర్వాత లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ చెడితే 230 వోల్టులు నేరుగా గిటార్ తీగల మీదకు వస్తాయి. అలా పీకిన ఆంప్ కనిపిస్తే, ఆంప్ తెచ్చినవాళ్లు వద్దన్నా సరే, పిన్ను పెట్టించి మిగతా పని చూడండి.

హమ్ కాదు, బర్రుమని గీకినట్టుంది

ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపి చూడండి. నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, చవక ఎల్ఈడీ బల్బులు ఈ గోల పుట్టిస్తాయి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారగానే బర్రు మొదలైతే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. ఆంప్‌లో వెతకడానికేమీ లేదు, సైన్ వేవ్ ఇన్వర్టర్ కావాలి.

సౌండ్ పడిపోయింది

ఒక్కసారిగా సగానికి పడిందా, మెల్లగా తగ్గుతూ వచ్చిందా, సాయంత్రం మాత్రమే తగ్గుతోందా? ముందు ఇది తేల్చుకోండి.

సాయంత్రం మాత్రమే అయితే మీటర్ తీసి సాకెట్లో వోల్టేజ్ చూడండి. ఊరంతా లైట్లు, మోటర్లు వేసుకున్న వేళ లైను చివరి ఇళ్లలో 180కి పడిపోతే, 6.3 వోల్టులు అందాల్సిన హీటర్‌కు 4.9 వోల్టులే అందుతాయి. ట్యూబ్ చల్లబడి నీరసంగా పాడుతుంది. మంచి స్టెబిలైజర్ పెడితే తీరుతుంది. మళ్లీ ట్యూబులు కొనకండి.

ఒక్కసారిగా పడితే వెనక ఎఫెక్ట్స్ లూప్ (పెడళ్లు తగిలించే సెండ్, రిటర్న్ జాకుల జత) చూడండి. సెండ్ జాక్ నుంచి రిటర్న్ జాక్‌కు మామూలు గిటార్ వైరు పెట్టండి. సౌండ్ తిరిగొచ్చిందంటే రిటర్న్ జాక్ లోపలి స్విచ్ దుమ్ము పట్టింది. ప్లగ్గు మీద కాస్త కంటాక్ట్ క్లీనర్ కొట్టి పది పదిహేను సార్లు దూర్చి తీయండి. ఈ ఒక్క జాకు వల్ల ట్యూబులన్నీ మార్చించుకున్నవాళ్లు నాకు తెలుసు.

తర్వాత స్పీకర్ వైరు. అక్కడ గిటార్ వైరు వాడుతుంటే వెంటనే మార్చండి, లోపల సన్నటి తీగ తట్టుకోలేదు. స్పీకర్ తగిలించకుండా ఆంప్ ఆన్ చేసి వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది. 4, 8, 16 ఓముల జాకుల్లో మీ స్పీకర్‌కు సరిపోయేదే వాడాలి.

అప్పుడు ట్యూబులు. గాజు తలమీద వెండి పూత తెల్లగా సున్నం కొట్టినట్టు మారితే గాలి చొరబడింది, అది పోయినట్టే. పూత వెండిలానే ఉంటే, బాగా పనిచేస్తుందని తెలిసిన 12ఏఎక్స్7ను (చిన్న ట్యూబ్ రకం) చిన్న ట్యూబుల స్థానాల్లో ఒక్కోదాంట్లో మార్చి చూడండి. ఈసీసీ83 అన్నా అదే ట్యూబ్. పవర్ ట్యూబులు జతగా మార్చాలి. ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్ అయితే బయాస్ (పవర్ ట్యూబ్ ఊరికే ఉన్నప్పుడు ఎంత కరెంటు లాగాలో పెట్టే సెట్టింగ్) మళ్లీ సరిచేయించాలి. కొత్త జత వేసినా ఒకటి పనిచేయకపోతే ఆ సాకెట్ స్క్రీన్ రెసిస్టర్ (470 ఓములో 1 కిలో ఓమో) కాలిపోయి ఉండొచ్చు, నల్లబడిందేమో చూడండి.

అరగంట వాయించాక తగ్గితే వేడికి విడిపోయే టంకం ఉంది. ట్యూబ్ సాకెట్ల దగ్గర డ్రై సోల్డర్ వెతకండి.

చిటపట, గరగర, కూత

ఆంప్ ఆన్‌లో ఉండగా చెక్క పెన్సిల్‌తో ఒక్కో చిన్న ట్యూబ్‌ను మెల్లగా తట్టండి. గంటలా మోగేది, కూసేది మైక్రోఫోనిక్ అయింది. ఇన్‌పుట్‌కు దగ్గర్లో ఉన్న మొదటి ట్యూబ్ ఎక్కువ సున్నితం కాబట్టి అది కాస్త పలకడం తప్పు కాదు.

తట్టకుండానే చిటపటలాడితే ఆపి, చల్లారాక మొదటి ట్యూబ్ తీసి మళ్లీ ఆన్ చేయండి. ఆగితే గొడవ ఆ దశలోనే. కొత్త ట్యూబ్ వేసినా వస్తే 100 కిలో ఓముల ప్లేట్ రెసిస్టర్ మార్చాలి.

నాబ్ తిప్పితే గరగరమంటే దుమ్మే, కంటాక్ట్ క్లీనర్ చాలు. క్లీన్ చేసిన వారానికే మళ్లీ మొదలైతే దుమ్ము కాదు. ముందున్న కప్లింగ్ కండెన్సర్ లీకై కంట్రోల్ మీదకు డీసీ వస్తోంది. అదే రకం లీక్ పవర్ ట్యూబ్ గ్రిడ్ దగ్గర వస్తే ఆట వేరు: ట్యూబ్ లోపలి ప్లేట్ ఎర్రగా కాలుతుంది. నీలి వెలుగు గాజు మీద కనిపిస్తే భయం లేదు. ప్లేట్ ఎర్రబడితే పాట మధ్యలో ఉన్నా ఆపేయండి.

ఆన్ చేయగానే ఫ్యూజు పోతోంది

పెద్ద ఫ్యూజు వేసి చూద్దాం అనొద్దు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన 120 వోల్టుల ఆంప్‌ను నేరుగా 230లో పెట్టారేమో మొదట చూసుకోండి, దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. కాకపోతే ట్యూబులన్నీ తీసేసి, 100 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బున్న సిరీస్ బోర్డులో (ఆంప్‌కు వెళ్లే కరెంటు బల్బు గుండానే వెళ్లే బోర్డు) పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ట్రాన్స్‌ఫార్మర్ వైపు భయం లేదు. ఇక ట్యూబులు ఒక్కొక్కటిగా పెడుతూ వెళ్లండి, ఏది పెట్టగానే బల్బు ఒక్కసారిగా భగ్గుమంటుందో దాన్ని పక్కన పెట్టండి. ట్యూబులు లేకుండానే బల్బు నిండుగా వెలుగుతూ ఉంటే షార్టు రెక్టిఫయర్ డయోడ్లలోనో, మొదటి కండెన్సర్‌లోనో, ట్రాన్స్‌ఫార్మర్‌లోనో ఉంది. డయోడ్లు ముందు చూడండి, అవే చవక.